మామిడితోటలో నాలుగు అంకాలు

మా ఇంటి మేడ మీద గదిలో అద్దెకుండే అమ్మాయి తిరుపతిలో డిగ్రీ చదువుతోంది. ఈ ఏడు ఆమెకు ఒక పాత నాటకం పాఠంగా వచ్చింది. నా గదిలో పుస్తకాలు ఉంటాయని తెలుసు కాబట్టి, మొన్న సాయంత్రం ఒక గైడూ, సెల్‌ఫోనూ పట్టుకొని కిందికి దిగి వచ్చింది.

"అవ్వా, ఈ నాటకం చదవలేక చస్తాండాను. అందుకే ఫోనుకే చెప్పినాను, అదే చదివి పెడ్తాది. మీరు అర్థం చెప్తే చాలు" అంది.

ఫోను చదవడం మొదలుపెట్టింది. రాజుకూ, మంత్రికీ, రాణికీ, తలుపు దగ్గర నిలబడ్డ భటుడికీ అందరికీ ఒక్కటే గొంతు. అలుపు లేదు, ఆయాసం లేదు. రాణి మాట వచ్చేసరికి ఆ గొంతు, "రాణి, కన్నీరు తుడుచుకొని, ప్రభూ నాకింక సెలవు" అని గడగడా చదివేసింది.

అమ్మాయి పగలబడి నవ్వింది. "దీనికి బొత్తిగా బుద్ధి లేదవ్వా. బ్రాకెట్లో ఉండేది కూడా సదివేస్తాండాది సూడండి!"

నాకు నవ్వు రాలేదు. ఆ ఫోనును కాసేపు చేతిలోకి తీసుకోవాలనిపించింది. ఏ మనిషీ చెప్పకుండా, పుస్తకం చూసి మాత్రమే నాటకం నేర్చుకున్నవాళ్ళు అలాగే చదువుతారు. ఒకప్పుడు నేనూ అలాగే చదివాను. నేను చదివితే పోనీ, మా నాయన చేత కూడా అలాగే చెప్పించాను.

అప్పుడు నేను ఐదో తరగతి దాటి ఆరుకు వచ్చాను. మాది ఐరాల దగ్గర పల్లె. ఆ చలికాలంలోనే మా అమ్మ పోయింది. అమ్మ పోయాక మా నాయన ఇంట్లో నిలవలేకపోయాడు. ఎండాకాలం రాగానే బంగారుపాళ్యం పక్కన ఒక మామిడితోటకు కావలి ఒప్పుకొని, నన్ను వెంటబెట్టుకొని వచ్చేశాడు. తోట మధ్యలో కొబ్బరాకుల గుడిసె. దాని ముందు మూడు రాళ్ళ పొయ్యి. అటు పక్క పెద్ద రోడ్డు మీద మద్రాసుకూ బెంగుళూరుకూ పోయే లారీల రొద. గాలి ఇటు తిరిగితే పల్పు ఫ్యాక్టరీలో మామిడిగుజ్జు ఉడికే వాసన వచ్చేది. మొదటి రోజు ఆ వాసనకు నోరూరింది. వారం తిరిగేసరికి అన్నం కూడా ఆ వాసనే వేసింది.

నాయన అంతకుముందు కూడా ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. అయితే ఇంట్లో ఆయన మాటలు కూడా అమ్మే మాట్లాడేది. "మీ నాయనకు ఆకలైనాదంట", "మీ నాయనకు నీ మింద కోపమొచ్చినాదంట" అని. అమ్మ పోయాక ఆయనకు మాట అందించేవాళ్ళు లేకపోయారు. పొద్దున "లెయ్", మధ్యాహ్నం "తిను", చీకటి పడేటప్పుడు "పండుకో". ఆ మూడు మాటలతో మా రోజు గడిచిపోయేది. సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి, అందులో చెనక్కాయలు నూరిన ఊరిబిండి వేసి, నా వైపు తోసేవాడు. నేను తినేంతవరకూ చెట్ల వైపు చూస్తూ కూర్చొనేవాడు. ఆయన నన్ను తిట్టినా బాగుండునని నాకు ఉండేది. కావాలని ఒకసారి నీళ్ళ కుండ పగలగొట్టాను. ఆయన పెంకులు ఏరి పారేసి, కొత్త కుండ తెచ్చాడు. అంతే.

రోడ్డు దాటి, బజారులోకి పోతే ఒక లైబ్రరీ ఉండేది. ఒకే గది. నాలుగు బీరువాలు, ఒక పొడుగు బల్ల, గోడ మీద ఎర్ర అక్షరాలతో "నిశ్శబ్దము" అన్న బోర్డు. పేపరు చదవడానికి ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళు వచ్చేవారు. వాళ్ళలో ఒకాయన ఫ్యాను కింద కూర్చొని, పేపరు ముఖం మీద కప్పుకొని నిద్రపోయేవాడు. నేను మొదట పోయింది కూడా ఫ్యాను కోసమే.

లైబ్రరీ సారు తిరుపతి నుంచి బస్సులో వచ్చేవాడు. నుదుటి మీద నామం, చేతిలో దద్దోజనం డబ్బా. గుడి కొలువులో ఉన్న కుటుంబం వాళ్ళది. "మా అన్నకు స్వామి సేవ దక్కింది. నాకు ఈ బీరువాల సేవ" అని పేపరాయనతో అంటూ ఉండేవాడు. నా వైపు చూసి మొదటి రోజే, "చేతులు చూపించమ్మాయ్" అన్నాడు. చూపించాను. మామిడి సొన అంటుకొని నల్లగా ఉన్నాయి. "పో, కడుక్కోనిరా. పుస్తకానికి సొన తగిలితే మచ్చ పోదు" అన్నాడు. ఆ తర్వాత ప్రతిరోజూ గడపలోనే నిలబడి రెండు చేతులూ ముందుకు చాపేదాన్ని. ఆయన తల ఊపితేనే లోపలికి.

పిల్లల కథలన్నీ పది పన్నెండు రోజులకే అయిపోయాయి. అప్పుడు కింది అరలో ఒక పుస్తకం దొరికింది. దానికి అట్ట లేదు, మొదటి పుటలు లేవు. సారే గోధుమరంగు కాగితం అతికించి, దాని మీద "నాటకము, టీకా తాత్పర్యసహితము" అని రాసి ఉంచాడు. అందుకే ఆ నాటకం పేరు నాకు ఈ రోజుకూ తెలియదు. దాన్ని ఎందుకు తీశానంటే, లోపల వాక్యాలు పొట్టిగా ఉన్నాయి. పుట నిండా అక్షరాలు కిక్కిరిసి లేవు. ఒకరు కొంచెం మాట్లాడతారు, ఆగుతారు. మళ్ళీ ఇంకొకరు మాట్లాడతారు. పుస్తకంలో మనుషులు ఒకరికొకరు బదులు చెప్పుకోవడం అదే మొదటిసారి చూశాను.

అందులో ఒక రాజకుమార్తె. శత్రువులు ఆమెను కోటలో ఒక గదిలో బంధించారు. తలుపు అవతల ఒక ముసలి కావలివాడు. ఆమెతో మాట్లాడితే తల తీస్తామని వాడికి రాజాజ్ఞ. ఆమె తలుపు ఇవతల నుంచి పిలుస్తూ ఉంటుంది. వాడు వింటూ ఉంటాడు. వాడి మాటలన్నిటికీ ముందు బ్రాకెట్లో "ఆత్మగతము" అని, అంటే మనసులో అనుకొనేది అని ఉండేది. ప్రతి పుట కిందా సన్న అక్షరాల్లో టీకా. ఆ టీకాయే నాకు గురువు. కఠినమైన మాట రాగానే వేలు కిందికి జారేది. "ఏకాంతము: ఒంటిగా నుండుట" అని అక్కడే నేర్చుకున్నాను. ఆ అర్థం చూసి, ఇది నాకు ముందే తెలుసే అనుకున్నాను. తెలిసినదానికి ఇంత మంచి పేరు ఉందని మాత్రం తెలియదు.

పుస్తకం ఇంటికి తీసుకుపోవాలంటే ఆ ఊళ్ళో ఇల్లున్నవాళ్ళు ఎవరైనా పూచీ ఉండాలి. తోట కావలివాడి కూతురికి పూచీ ఎవరుంటారు? అడిగితే సారు, "ఈడే కూర్చోని చదువుకో. ఎవరొద్దన్నారు?" అన్నాడు. కానీ లైబ్రరీలో గట్టిగా చదవకూడదు. నాటకమేమో నోట్లోకి వచ్చి కూర్చునేది. పెదవులు కదిలితే చాలు, సారు పెన్సిలుతో బల్ల మీద కొట్టి బోర్డు వైపు చూపించేవాడు. మాట్లాడడం కోసమే రాసిన పుస్తకాలను మాట్లాడకూడని గదిలో పెట్టారేమిటా అని ఆ వయసులోనే అనుకున్నాను. దాంతో ఒక పని చేశాను. రోజుకు ఒక పుట కంఠస్థం చేయడం, గుడిసెకు పోయి గట్టిగా చెప్పుకోవడం. ఇంకెవరూ తీసుకుపోకుండా ఆ పుస్తకాన్ని పంచాంగాల వెనక దాచిపెట్టేదాన్ని కూడా. నేను దాచేదీ, దాన్ని ఎవరూ అడగరనీ సారుకు తెలుసు. అయినా ఎప్పుడూ అక్కడి నుంచి కదిలించలేదు.

కంఠస్థం అంటే నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే. పుటలో ఏది ఉంటే అది, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా. మా పల్లెలో వీధినాటకం ఆడేవాళ్ళు గానీ, మొదటి పాటకే నేను అమ్మ ఒడిలో నిద్రపోయేదాన్ని. అందుకని తోటలో ఒక చివర నిలబడి నేను ఇట్లా అరిచేదాన్ని:

"రాజకుమార్తె, తలుపుపై చేయి మోపి, బయట నెవరైన నున్నారా? ఉన్నచో మాట వలదు. దగ్గిన చాలును!"

తర్వాత నేనే అటువైపు పరుగెత్తి, గొంతు లావు చేసి, "కావలివాడు, ఆత్మగతము, తల్లీ, దగ్గుటకు సైతము నాకాజ్ఞ లేదు" అనేదాన్ని. మళ్ళీ ఇటు పరుగు. పరుగెత్తి పరుగెత్తి ఆయాసం వచ్చేది. ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య ఎవరూ లేని ఆ పరుగే నాకు బాగా గుర్తుంది. కాళ్ళ కింద ఎండాకులు గలగలమనేవి. నేను ఈ చివరకు వచ్చేసరికి ఆ చివర మాట చల్లారిపోయేది.

ఒక పొద్దు అట్లా అరిచి, ఇంకా పరుగు అందుకోలేదు. "దగ్గిన చాలును" అన్న మాట గాలిలో ఉండగానే, అటుపక్క బేనిషా మామిడిచెట్టు కింది నుంచి దగ్గు వినబడింది.

ఒకటే దగ్గు. నాయన చిలకల్ని తోలే ఒడిసెలలో రాయి పెట్టుకుంటూ, నా వైపు చూడకుండానే దగ్గాడు. నిజంగా గొంతులో నలతేమో, నాకు తెలియదు. మళ్ళీ అడిగి చూద్దామని, "బయట నెవరైన నున్నారా?" అన్నాను. మళ్ళీ దగ్గాడు. ఈసారి నలత కాదు.

ఆ సాయంత్రం సంగటి తినేటప్పుడు ఆయనే అడిగాడు. "ఆ కావలోడు మాట్లాడడా?"

"మాట్లాడితే తల తీసేస్తారంట నాయనా."

"ఎవురు?"

"రాజు."

నాయన సంగటి తుంచుకున్నాడు. "రాజు ఈడికి యాడొస్తాడు" అన్నాడు. కొంచెం ఆగి, "వాడి మాటలు నాకు చెప్పు. నేనూ కావలోణ్ణే కదా" అన్నాడు.

నాయనకు చదువు రాదు. విని నేర్చుకోవలసిందే. నేను లైబ్రరీ నుంచి పుటను నోట్లో పెట్టుకొని వచ్చి ఆయనకు అప్పజెప్పేదాన్ని. ఆయన కాయలు ఏరుతూ, తొడిమలు విరుస్తూ, నా వెనకే పలికేవాడు. ఆయన నోట్లో ఆ మాటలు మా ఊరి యాసలోకి తిరిగేవి. "ఆజ్ఞ లేదు" అనమంటే "ఆగ్నె ల్యా" అనేవాడు. నేను తల కొట్టుకొనేదాన్ని. "ఏం మే, నీకు పంతులమ్మ పని దొరికినాదే!" అనేవాడు. మే అని నన్ను పిలవడం, ఎగతాళి చేయడం అమ్మ పోయాక అదే మొదలు.

ఇంకొక లాభం కూడా కలిగింది. మేమిద్దరం తోటకు రెండు చివర్లా నిలబడి నాటకం అరుస్తుంటే చిలకలు వాలడం మానేశాయి. తోట గుత్తకు తీసుకున్నాయన ఒకరోజు వచ్చి, కాయలు చూసి, "ఏమప్పా, ఈ ఏడు చిలక కొట్టుడు లేనే లేదే! ఏం మందు కొట్టినావు?" అన్నాడు.

"మందు గాదు రెడ్డీ. మా పాప రాజుకూతురైనాది" అన్నాడు నాయన.

ఆయన ఏమీ అర్థంకాక ఇద్దరినీ మార్చి మార్చి చూసి, బండెక్కి పోయాడు. ఆయన పోయాక నాయన నవ్వాడు. పళ్ళు కనబడేలా నవ్వాడు.

అయితే నాటకం ఉన్నంతసేపే ఆ మాటలు. కావలివాడి మాటలు అయిపోతే నాయన మళ్ళీ మామూలే. ఆయన నాతో మాట్లాడుతున్నాడా, రాజకుమార్తెతో మాట్లాడుతున్నాడా అని రోజూ పడుకొనేటప్పుడు అనుకొనేదాన్ని. అమ్మ మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. అమ్మ చీర ఒకటి మడిచి తలకింద పెట్టుకొని పడుకొనేవాడు. నేను దగ్గరికి జరిగితే అటు తిరిగి పడుకొనేవాడు.

నాలుగో అంకంలో కావలివాడు ఇక ఉండలేక తలుపు తీస్తాడు. ఆ మాటలు మేమిద్దరం బాగా వల్లించాం. నాయన చెట్టుకు ఆనుకొని నిలబడి, ఒక్క అక్షరం తప్పకుండా ఇట్లా చెప్పేవాడు: "కావలివాడు, తలుపు తీసి లోనికి వచ్చి, ఆమె తలపై చేయి యుంచి, తల్లీ, ఇంతవరకు రాజాజ్ఞకు భయపడితిని. ఇక నీ యేకాంతమునకు భయపడుచున్నాను."

ఇంతా చెప్పి మళ్ళీ కాయల మీదికి వంగేవాడు.

కోతలు ఆఖరుకు వచ్చాయి. ఒక మధ్యాహ్నం పెద్ద వాన. లైబ్రరీలో పేపరాయనలు లేరు, కరెంటు లేదు. సారు దద్దోజనం డబ్బా మూతలో నాకూ కాస్త పెట్టాడు. తిన్నాక, "అమ్మాయ్, రోజూ పెదవులు ఆడిస్తావే, ఏం నేర్చినావో చెప్పు. ఈ పొద్దుకు ఆ బోర్డును నేను చూడను, నువ్వూ చూడొద్దు" అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. నాలుగో అంకం అందుకున్నాను. వాన చప్పుడుకు మించి చెప్పాను. సారు మొదట శ్రద్ధగా విన్నాడు. తర్వాత కళ్ళజోడు తీశాడు. తర్వాత పంచె కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నేను "తెర పడును" అని కూడా చెప్పి ముగించేసరికి ఆయన కళ్ళలో నీళ్ళు. ఏడుపు కాదు, నవ్వు.

"ఎందుకు సార్ నవ్వుతారు?" అన్నాను.

"అయ్యో తల్లీ, నీకు ఎవరూ చెప్పలేదా? నాటకం చూళ్ళేదా ఎప్పుడూ?" అన్నాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకొని, పుస్తకం తెరిచి, బ్రాకెట్ల మీద వేలు పెట్టి చూపించాడు. "ఇదిగో, ఈ గీతల మధ్య ఉండేది నోటికి కాదమ్మాయ్, ఒంటికి. దీన్ని పలకకూడదు, చేయాల. తలుపు తీసి అంటే తలుపు తీయాల. కన్నీరు అంటే కన్నీరు పెట్టాల. పలికేస్తే అయిపోయినట్టు కాదు."

సిగ్గుతో చచ్చిపోయాను. అంతకంటే ఎక్కువగా, నాయనకు తప్పు నేర్పానే అన్న దిగులు. వాన తగ్గగానే బురదలో పరుగెత్తుకొని పోయాను.

నాయన గుడిసె ముందు గోనె పరుచుకొని ఆఖరి కోత కాయలు ఏరుతున్నాడు. తోటంతా తడిసిన మట్టి వాసన, కుళ్ళిన మామిడి వాసన.

"నాయనా, మనం తప్పు చేస్తాండామంట. బ్రాకెట్లో ఉండేది చెప్పకూడదంట. చేయాలంట."

"బ్రాకెట్టంటే?"

"అదే, తలుపు తీసి, లోనికి వచ్చి… అవన్నీ. అవి మాటలు కాదంట. పనులంట."

ఆయన చేతిలో కాయ అట్లాగే ఆగిపోయింది. "తలుపు యాడుండాది ఈడ?" అన్నాడు చివరకు.

"తలుపు లేదులే" అన్నాను. మిగిలిన దాని మాట నేను ఎత్తలేదు. ఆయనా అడగలేదు.

కాయ గోనె మీద పెట్టి లేచాడు. కుండ దగ్గరకు పోయి, మట్టి తీసుకొని, చేతులు రుద్దుకున్నాడు. సొన అంత తేలికగా పోదు. మళ్ళీ మట్టి, మళ్ళీ నీళ్ళు. పంచెకు తుడుచుకున్నాడు. లైబ్రరీ గడపలో నేను నిలబడినట్టే రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు.

"మొదలుపెట్టు" అన్నాడు.

నేను గుడిసెలోకి పోయి కూర్చున్నాను. బ్రాకెట్లు వదిలేసి, మాటలు మాత్రం చెప్పాను. "బయట నెవరైన నున్నారా? ఇంతకాలము నన్ను కాచితివి. ఒక్కసారి నన్ను చూడవా?"

నాయన వంగి లోపలికి వచ్చాడు. నా ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నా తల మీద చేయి పెట్టాడు. చేయి తడిగా, మట్టి వాసనతో, బరువుగా ఉంది. ఇక ఆయన మాట రావాలి. రాలేదు. మరిచిపోయాడేమోనని నేనే మెల్లగా అందించాను. "తల్లీ, ఇంతవరకు రాజాజ్ఞకు…"

"తెలుసులేమ్మా" అన్నాడు.

అయినా చెప్పలేదు. చేయి తీయలేదు. ఇంత తిన్నగా ఆయన నన్ను ఎప్పుడూ చూడలేదు. గడ్డం కింద తడి. అది వాననీళ్ళు కాదని నాకు తెలుసు. అవతల చిలకలు వచ్చి వాలాయి. కీచుకీచుమంటూ మిగిలిన కాయలు కొడుతున్నాయి. ఇద్దరమూ వింటూనే ఉన్నాం. ఇద్దరిలో ఎవరమూ అరవలేదు.

ఆ వారంలోనే తోట కావలి అయిపోయింది. ఐదో అంకం చదవకుండానే బంగారుపాళ్యం వదిలి వచ్చేశాం. వచ్చే ముందు రోజు లైబ్రరీకి పోతే సారు సెలవు, తలుపుకు తాళం. గడపలో నిలబడి, అలవాటుగా చేతులు చాపి, ఎవరూ లేక దించేశాను.

పల్లెకు తిరిగి వచ్చాక నాయన మాటకారి అయిపోలేదు. కాకపోతే ఎప్పుడైనా ఒక సాయంత్రం ఉన్నట్టుండి, "ఆ కావలోణ్ణి ఏం చేసినారో?" అనేవాడు.

"తెలీదు నాయనా. ఆ అంకం సదవలేదు."

"తల తీసింటారా?"

"ఏమో."

"తీసుండరులే. వేరే కోటకు కావలికి ఏసింటారు" అని తనకు తానే తేల్చుకొనేవాడు.

పదో తరగతితో నా బడి చదువు ఆగిపోయింది. మిగిలిన చదువంతా లైబ్రరీల్లోనే. చిత్తూరులో, కాణిపాకంలో, తర్వాత తిరుపతిలో, ఎక్కడ పని దొరికితే అక్కడి లైబ్రరీ వెతుక్కున్నాను. నాటకాలూ, వాటి వ్యాఖ్యానాలూ, పీఠికలూ చేతికి దొరికినన్ని చదివాను. అంకానికీ రంగానికీ తేడా, ఆత్మగతానికీ జనాంతికానికీ తేడా నన్ను అడిగితే ఇప్పటికీ చెప్పగలను. మేడ మీది అమ్మాయికి అట్లాగే చెప్పాను. కానీ గోధుమరంగు కాగితం అతికించిన ఆ నాటకం మళ్ళీ దొరకలేదు. పేరు తెలియనిదాన్ని ఏమని అడగడం? "రాజకుమార్తె, కావలివాడు" అంటే లైబ్రరీవాళ్ళు నా ముఖం వైపు చూసేవారు. నాయన ఆ ఐదో అంకం వినకుండానే పోయాడు. బంగారుపాళ్యంలో ఆ గది ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల అంగడి ఉంది.

మొన్న ఆ అమ్మాయి అర్థాలన్నీ రాసుకొని, "ఎంత తెలుసవ్వా మీకు!" అని మేడెక్కి వెళ్ళిపోయింది. తలుపు వేసుకొని నేను నా కుర్చీలో కూర్చున్నాను. పైగదిలో ఫోను మళ్ళీ చదవడం వినబడుతోంది. కన్నీరు తుడుచుకొని అట, చేయి పట్టుకొని అట, దగ్గరకు వచ్చి అట. దాని తప్పేమీ లేదు. దానికి చేతులు లేవు.

నేనూ ఈమధ్య సాయంత్రాలు నాటకాలు గట్టిగానే చదువుకుంటున్నాను. ఈ గదిలో బోర్డు లేదు, పెన్సిలుతో బల్ల కొట్టేవాళ్ళూ లేరు. అన్ని గొంతులూ నావే. ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య ఇప్పుడు పరుగెత్తలేను కాబట్టి కూర్చొనే చదువుతాను. బ్రాకెట్లో ఉండేది పలకకూడదని నాకు తెలుసు. అయినా ఆ చోటికి వచ్చినప్పుడు ఆగుతాను. ఆ పని చేయడానికి ఎవరైనా వస్తారేమోనన్నట్టు కాసేపు చూస్తాను. తర్వాత, అక్కడ ఏం రాసి ఉన్నా, ఆ మామిడితోటలో లాగే, "తలపై చేయి యుంచి" అని పైకే చదువుతాను.